పూర్ణచంద్రకు తెల్లగా కనబడింది

మా వీధిలో ఎవరింట్లో పెళ్లయినా, చెవులు కుట్టినా, ఆల్బం ఇంటికి రాగానే ముందు పూర్ణచంద్రకు చూపించేవాళ్లు. ఆయన కళ్లద్దాలు చొక్కాకు తుడుచుకుని, ఆల్బాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టుకుని, పెళ్లికూతురి మొహం వదిలేసి పెళ్లికొడుకు పంచె చూసేవాడు. "పసుపు ఎక్కువయ్యిండాది" అనేవాడు. లేదంటే "ఎరుపు కొట్టేసినాడు" అనేవాడు. అంతే. పెళ్లికి ఎవరొచ్చారు, ఎవరు అలిగారు, పాయసం పల్చనైందా, ఇవేవీ ఆయనకు అక్కర్లేదు. అల్లుడి పంచె తెల్లగా వచ్చిందా లేదా, అదొక్కటే.

ఆయన తప్పేమీ లేదు. వేలూరు పాత బస్టాండు దగ్గర ఒక కలర్ ల్యాబులో ఇరవై రెండేళ్లు ప్రింటింగ్ మిషను ముందు కూర్చున్న మనిషి. పొద్దున గుడియాత్తంలో బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు. ఆ మిషనుకు ఒక చిన్న తెర, తెర కింద మీటలు, ఒక్కో రంగుకు ఒక్కోటి. ఫోటో తెర మీదికి వచ్చి నాలుగు క్షణాలు నిలబడేది. ఆ నాలుగు క్షణాల్లో ఏ రంగు ఎక్కువో ఏది తక్కువో చూసి నొక్కేయాలి. ఆర్కాడు నుంచి, అరక్కోణం నుంచి స్టూడియోల వాళ్లు సంచుల్లో రోళ్లు తెచ్చి పోసేవాళ్లు. ఆయన సూత్రం ఒక్కటే. ఫోటోలో తెల్లగా ఉండాల్సింది ఏదో వెతకాలి. పంచె, మల్లెపూలు, అన్నం, సున్నం కొట్టిన గోడ. అది తెల్లగా వస్తే మనుషుల మొహాలు మనుషుల మొహాల్లాగే వస్తాయని చెప్పేవాడు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, ల్యాబు మూతపడింది. పూర్ణచంద్ర గుడియాత్తంలోనే, లుంగీల నూలుకు రంగులేసే పట్టడలో చేరాడు. పట్టడ యజమాని, అందరూ ముదలాళి అనే దేవేంద్రన్ ఆయనను పిలిచి పని ఇచ్చింది ఆ కన్ను కోసమే. రంగు వేసి ఆరేసిన నూలు చిలపలను, అంటే దారం చుట్టలను, ఒక్కొక్కటే తీసి, గోడకు కట్టిన నమూనా దారం పక్కన పెట్టి చూడాలి. సరిపోతే కుడిపక్క కుప్ప, తేడా వస్తే ఎడమపక్క కుప్ప. వినడానికి తేలిక పనే. కానీ పడుగులో ఒక్క చిలప రంగు రవ్వంత మారినా లుంగీ పొడుగునా గీత పడుతుంది, ఆ బట్ట మొత్తం పనికిరాదు. అందుకని నేతగాళ్లు మూట విప్పకముందే ఒక మాట అడిగేవాళ్లు, పూర్ణచంద్ర చూశాడా అని. చూశాడంటే మగ్గం ఎక్కించేసేవాళ్లు.

రంగు తొట్ల దగ్గర ఉండేది ఏలుమలై. ముప్పై ఏళ్లుగా అదే పని. మోచేతుల దాకా ఏదో ఒక రంగు ఉంటుంది, ఏ రోజు ఏ రంగో చూసి ఆ రోజు ఏ ఆర్డరు నడుస్తోందో చెప్పొచ్చు. వీళ్లిద్దరూ టీ తాగడానికి కలిసి వెళ్లేవాళ్లు. నోరు మాత్రం కలిసేది కాదు, నీ కన్ను గొప్పా నా చెయ్యి గొప్పా అని రోజూ పోట్లాటే.

ఈ ఏడు ఎండలు ముదిరిన తర్వాత నేతగాళ్ల దగ్గర్నుంచి రెండు నూలు మూటలు వెనక్కి వచ్చాయి. వాటితో నేసిన లుంగీల్లో తెల్ల గళ్ల మధ్యలో మీగడ రంగు గీతలు పడ్డాయట. దేవేంద్రన్ ఇద్దరినీ పిలిచాడు. తన చేతి మీదుగా పోయినప్పుడు నూలు తెల్లగానే ఉందని పూర్ణచంద్ర ఖండితంగా చెప్పాడు. బ్లీచింగు చేసిన నూలును నీళ్లల్లో సరిగ్గా జాడించకపోతే నాలుగు రోజులకు పచ్చబడుతుంది, అదే జరిగి ఉంటుందన్నాడు. ఏలుమలై తలొంచుకుని నిలబడ్డాడు తప్ప ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇంకొక్క మూట వెనక్కి వస్తే నువ్వు వేరే తొట్టి చూసుకో అని దేవేంద్రన్ అతనికి తెగేసి చెప్పేశాడు. ఆ రోజు నుంచి టీకి ఎవరి దారిన వాళ్లు వెళ్లడం మొదలైంది.

ఇక ఫిల్ము సంగతి. వేలూరు కాలేజీల పిల్లలకు ఇప్పుడు పాత ఫిల్ము కెమెరాల పిచ్చి పట్టుకుంది. రోలు కడిగే ల్యాబులు లేవు కదా, ఎవరో పూర్ణచంద్ర నంబరు పట్టుకున్నారు. ఆయన ఇంట్లో, స్నానాల గదిలో కడిగి ఇస్తాడు. వెలుతురు తగలకుండా రోలును డబ్బాలోకి ఎక్కించడానికి భార్య చిన్నమణి తన పాత నల్ల లంగాలు రెండు కలిపి చేతులు దూర్చే సంచి కుట్టిచ్చింది. మందు నీళ్లు సరిగ్గా ముప్పై ఎనిమిది డిగ్రీలు ఉండాలి. దానికి ఆయన వాడేది ఇంట్లోని జ్వరం చూసే కడ్డీనే. "ఏమబ్బా, నీ నీళ్లకు జ్వరం తగ్గిందా?" అని చిన్నమణి వంటింట్లోంచి అడిగేది. తగ్గితే ఇంకో చెంబు వేడినీళ్లు పొయ్యాలి మరి.

ఒక ఆదివారం నందిత అనే అమ్మాయి వచ్చింది. వేలూరులో నగల వ్యాపారం చేసే తెలుగు వాళ్ల పిల్ల, కాలేజీలో చదువుతోంది. మేనమామ బీరువాలో దొరికాయని ఇంకా ఫోటోలు తియ్యని మూడు పాత రోళ్లు తెచ్చింది. అవి మామూలు నెగటివు రోళ్లు కావు, ఫిల్ము మీదే అసలు రంగుల్లో బొమ్మ వచ్చే స్లయిడు రోళ్లు. వాటికి మందులే వేరు. వాటిని మామూలు మందులో కడిగితే రంగులన్నీ తారుమారైపోతాయి. ల్యాబులో ఉన్నప్పుడు పూర్ణచంద్ర ఒకసారి పొరపాటున ఒక స్టూడియో ఆయన స్లయిడు రోలును మామూలు మందులో వేసేశాడు. ఆ స్టూడియో ఆయన కౌంటరు ముందు నిలబడి గంటసేపు తిట్టాడు. ఆ తిట్లు పూర్ణచంద్రకు ఇప్పటికీ వరసగా గుర్తే.

ఆ అమ్మాయి ఏరికోరి అదే తప్పు చెయ్యమంటోంది.

"తప్పు మందులోనే కడగండి అంకుల్. రంగులు యాడికి పోతాయో ఎవురికీ తెలీదు. అదే బాగుంటాది."

"యాడికి పోతాయో తెలీకుంటే, సరిగ్గా వచ్చిందో లేదో ఎట్ల తెలుస్తాది పాపా?"

ఆ పిల్ల నవ్వేసింది. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగాడు. ఇరవై రెండేళ్లు సరైన రంగు కోసం కళ్లు కాయలు కాసేలా కూర్చున్నాడు. ఇప్పుడు తప్పే కావాలంటే, ఏ తప్పు సరైన తప్పో ఎవరు చెప్పాలి? ఆ ప్రశ్న పట్టుకుని మా ఇంటికీ వచ్చాడు. మాకేం తెలుస్తుంది, కాఫీ తాగి వెళ్లమన్నాం.

ముందు ఒక రోలు మీద తానే పరీక్ష చేసి చూసి, తర్వాత ఆ అమ్మాయి రోలు కడుగుతానన్నాడు. ఆమె ఒప్పుకుని ఒకటి ఆయనకే వదిలేసింది. దాన్ని తన పాత కెమెరాలో వేసి, తీగ మీద ఆరేసిన తన పంచెను ఫోటో తీశాడు. చిన్నమణిని ఇడ్లీ పళ్లెంతో నిలబెట్టి తీశాడు. సెలవు రోజు బండి మీద మోర్ధానా దాకా వెళ్లి ఆనకట్ట తీశాడు. పట్టడలో ఆరుతున్న నూలు తీశాడు. దాని వెనక ఏలుమలై కూడా పడ్డాడు, మొహం అటు తిప్పుకుని.

కడిగి బయటికి తీసి చూస్తే ఫిల్ము ఆయన ఎరిగిన నెగటివులా లేదు. నెగటివు అన్నాక ఇటుక రంగులో ఉండాలి. ఇది గాజుముక్కలా ఉంది. దాన్ని కిటికీకి పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత కూతురు సుమిత ఒక ఫోను తెర వెలిగించి దాని మీద ఫిల్ము పెట్టి, ఇంకో ఫోనుతో తీసి, బొమ్మ రంగులు తిరగేసి చూపించింది. సుమిత బట్టల కొట్లో పని చేస్తుంది, బుధవారం సెలవు. ఫోన్ల పని ఆమెకు బాగా తెలుసు.

మొదటి బొమ్మ పంచెది.

ఏమీ చెడిపోలేదే, పంచె పంచెలాగే తెల్లగా వచ్చిందే అన్నాడు పూర్ణచంద్ర. మొహం వెలిగిపోయింది. స్లయిడు రోలును మామూలు మందులో కడిగినా తన చేతిలో రంగు తప్పలేదనుకున్నాడు. సుమిత ఆయన వైపు చూసింది.

"ఎగతాళికా నాయనా? ఇది నిమ్మపండు మాదిరి ఉండాది."

చిన్నమణిని పిలిచారు. ఆమె తన ఫోటో చూసుకుని, ఇడ్లీల్లో పసుపు ఎవరు కలిపారని అడిగింది. తల్లీకూతుళ్లు మాట్లాడుకుని తనను ఆట పట్టిస్తున్నారని పూర్ణచంద్ర నమ్మాడు. చొక్కా వేసుకుని ఫోను పట్టుకుని వీధి మీద పడ్డాడు. మా ఇంటికీ తెచ్చాడు. మా ఆయన పులిహోరా అని అడిగాడు. ఎదురింటి పచ్చయమ్మకు చూపించాడు. ఆమెకు ఒక కన్ను సరిగ్గా కనబడదు, ఆమె కూడా పచ్చగా ఉంది నాయనా అంది. తల్లీకూతుళ్లు వీధిలో ఇంతమందికి ముందే చెప్పి పెట్టడం కుదరదు కదా. పాపం, మనిషి అయోమయంలో పడ్డాడు.

ఫోను తెర తప్పేమోనని వేలూరు వెళ్లి కాగితం మీద ప్రింటు వేయించుకొచ్చాడు. ఆయనకు తెలుపు, మాకు పసుపు. నందితకు పంపించాడు. పసుపూ ఆకుపచ్చా కలిసి అద్భుతంగా ఉన్నాయని ఆమె ఫోనులో గంతులేసింది. నాకు తెల్లగా ఉన్నాయే అని ఈయన అన్నాడు. అవునా అంకుల్ అని ఆమె పెట్టేసింది. తప్పు మందులో కడిగితే ఇట్లా కూడా అవుతుందేమో, చూసే వాళ్లను బట్టి రంగు మారుతుందేమో అని కూడా ఆలోచించాడు. మాతో ఆ మాట అన్నప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ఎందుకంటే మాకూ తెలియదు. ఆ మందు ఏం చేస్తుందో మేమెప్పుడు చూశాం?

నందితను అడిగి రెండో రోలు కూడా పరీక్షకు తీసుకున్నాడు. ఈసారి ల్యాబు పద్ధతిలో. ల్యాబులో ఏదైనా గొడవ వస్తే ఫోటోలో ఉన్న అసలు చీరనే తెమ్మని, ఫోటో పక్కన పెట్టి చూసేవాళ్లు. అందుకని ఏలుమలైని అడిగి నాలుగు చిలపలు తెచ్చుకున్నాడు. ఎరుపు, ముదురు నీలం, తెలుపు, లేత నిమ్మ రంగు. ఏలుమలై మొహం చూడకుండా చేతికిచ్చాడు. నాలుగింటినీ తీగ మీద వేసి ఫోటోలు తీసి, మందులో ఉంచే సమయం అర నిమిషం తగ్గించి కడిగి, మళ్లీ వేలూరు వెళ్లి ప్రింట్లు వేయించి తెచ్చాడు.

బుధవారం పొద్దున పది గంటలకు, అప్పటి వెలుతురు ఏ రంగునూ మార్చదని ఆయన నమ్మకం, పట్టడకు సగం రోజు సెలవు చెప్పి వాకిట్లో చాప పరిచాడు. ప్రింట్లు ఒక వరస, చిలపలు ఒక వరస. సుమితనూ చిన్నమణినీ కూర్చోబెట్టాడు. ఎవరు తప్పో ఇవాళ తేలాలన్నాడు. చాప మీదున్న ఒక చిలప తీసి ఫోటోలోని తెల్ల నూలు పక్కన పెట్టాడు.

"చూడండి. ఇది తెల్ల నూలు, ఇది ఫోటో. రెండూ ఒకటే కదా. ఫోటో యాడ చెడిపోయింది?"

నిజమే. రెండూ ఒకటే రంగులో ఉన్నాయి. సుమిత దగ్గరికి జరిగి చూసింది. ఆయన చేతిలో ఉన్నది తెల్ల చిలప కాదు. నిమ్మ రంగు చిలప.

సుమిత ప్రింట్లన్నీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎరుపూ నీలమూ పక్కకు జరిపింది. మిగిలిన రెండు చిలపలు ఆయన ముందు పెట్టి, వీటిల్లో తెల్లది ఏది నాయనా అని మెల్లగా అడిగింది. ఇందులో ఫిల్ము లేదు, మందు లేదు. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఒకటి ఎత్తి ఎండకు పట్టుకున్నాడు, రెండోది నీడకు పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"రెండూ తెలుపే. ఒగటి కొంచెం మాసిండాది."

చిన్నమణికి అప్పుడు తట్టింది. రెండేళ్లుగా వీధిలో ఎన్ని ఆల్బాలు వచ్చినా ఈయన పసుపు ఎక్కువైందన్న మాట ఒక్కసారి కూడా అనలేదని. ఆమె ఆ మాట బయటికి అంది. పూర్ణచంద్ర చిలపలు చాప మీద పెట్టాడు. అయ్యో నా కళ్లు అనలేదు, ఎవరైనా అదే అంటారు కదా. "ఏలుమలై" అన్నాడు, అంతే. చెప్పులు వేసుకుని బయల్దేరాడు. చొక్కా గుండీలు దారిలో పెట్టుకున్నాడు.

పట్టడ దాకా నడుస్తూ తెల్లగా ఉండాల్సినవన్నీ చూస్తూ వెళ్లాడట. పాల ప్యాకెట్లు, మసీదు గోడ, ఎవరిదో పంచె. అన్నీ బాగానే ఉన్నాయి. అదే ఆయనకు భయం వేసింది. చెడిపోయినట్టు కనిపిస్తే చెడిపోయిందని తెలుస్తుంది. అన్నీ బాగున్నట్టు కనబడితే ఏది నమ్మాలి?

ఏలుమలై తొట్టి దగ్గర కర్రతో నూలు తిప్పుతున్నాడు. పూర్ణచంద్ర పక్కన నిలబడి ఒకే ఊపిరిలో చెప్పేశాడు. నిమ్మ రంగును తెలుపన్నానని, ఆ రెండు మూటలూ ఏ రంగులో ఉంటే పంపించానో తనకే తెలియదని, ముదలాళి ముందు నిన్ను అనవసరంగా తిట్టించానని.

ఏలుమలై కర్ర ఆపలేదు. తిప్పుతూనే అడిగాడు.

"అంటే అన్నా, నువ్వు నన్ను పట్టుకోలేదా?"

"దేనికి పట్టుకునేది?"

ఆ వారం మోటారు కాలిపోయి రెండు రోజులు నీళ్లు రాలేదట. మూడుసార్లు జాడించాల్సిన నూలును ఒక్కసారే జాడించి ఆరేశాడట. పూర్ణచంద్ర ఆ మాటే చెప్పేసరికి, ఈయన కన్ను ఎంత పదునైందిరా దేవుడా అని భయపడి తలొంచుకున్నాడట. నెల రోజులుగా ఈయన మొహం చూడలేక వేరే టీ కొట్టుకు పోతున్నాడట.

"నాకు కనబడితే కదప్పా పట్టుకునేది. ఏదో నోటికొచ్చింది చెప్పినాను."

"నువ్వు చెప్పిందే నేను చేసినాను కదన్నా."

ఇద్దరూ తొట్టి గట్టు మీద కూర్చున్నారు. ఆ మూటలు అప్పుడే పచ్చగా ఉంటే పూర్ణచంద్ర కళ్లు తప్పు. పోయాక పచ్చబడితే ఏలుమలై నీళ్లు తప్పు. రెండూ అయి ఉండొచ్చు. ఒక మూట ఆయనది, ఒక మూట ఈయనది కూడా అయి ఉండొచ్చు. మూటల్లో మిగిలిన నూలేమో ఎప్పుడో ముదురు రంగు తొట్టిలో మునిగిపోయింది, ఇక చూసి తేల్చుకునే దారి లేదు. ముదలాళికి ఏమీ చెప్పొద్దని ఏలుమలై అన్నాడు. చెబితే నీ పని పోతుంది, నాది కూడా పోతుంది, కళ్లు చూపించుకుని వచ్చెయ్, ఎవరికీ తెలియదు అన్నాడు.

పూర్ణచంద్ర వినలేదు. నీళ్ల సంగతి నీది, చెప్పుకుంటే నువ్వు చెప్పుకో, కళ్లు నావి అని లోపలికి వెళ్లి తన సంగతి వరకు చెప్పాడు. దేవేంద్రన్ నమ్మలేదు. గోడ మీది నమూనా దారం పీకి, రెండు చిలపలు తెప్పించి, అడిగి చూశాడు. పూర్ణచంద్ర తప్పు చెప్పాడు. దేవేంద్రన్ ఆ చిలపలు తానే ఎండలోకి తీసుకెళ్లి చూశాడు. డ్రైవరును పిలిచి చూపించాడు. తన కళ్ల మీద కూడా అనుమానం వచ్చినట్టుంది, చిలపలు పట్టుకునే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"అట్లయితే రెండేండ్లుగా మన నూలు ఎవురు చూసినట్టప్పా?" అని చివరికి అడిగాడు.

రెండేళ్లలో ఎన్నో మూటలు పోయాయి, తిరిగొచ్చినవి రెండే. మిగతావి ఎట్లా బాగున్నాయి? ఏలుమలై చెయ్యి బాగుండబట్టి, ఈయన ఏం చూసినా చూడకపోయినా ఒకటే అయిందా? అది తలుచుకుంటే పూర్ణచంద్రకు పని పోవడం కంటే ఎక్కువ బాధగా ఉండేది. పని మాత్రం పోలేదు. కళ్లు బాగయ్యే దాకా లుంగీలు మడతపెట్టి చీటీలు అంటించమన్నారు. ఏలుమలైని వెళ్లమన్న మాట దేవేంద్రన్ మళ్లీ ఎత్తలేదు. నీళ్ల సంగతి ఏలుమలై చెప్పాడో లేదో మాకు తెలియదు.

వేలూరులో కళ్ల డాక్టరు రెండు కళ్లల్లోనూ పసుపు పట్టిన శుక్లం పొర ఉందన్నాడు. ముందు ఎడమ కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పిన రోజు ఆయన ఆసుపత్రి వరండాలో నిలబడి ఒక చేత్తో ఆ కన్ను, ఒక చేత్తో ఈ కన్ను మూసుకుంటూ ఉంటే, చిన్నమణి సిగ్గుతో దూరంగా వెళ్లి కూర్చుందట. కొత్త కంటికి లోకమంతా ట్యూబులైటు వేసినట్టు నీలంగా ఉంది. పాత కంటికి ఎప్పటిలాగే ఉంది. రెండూ తెరిస్తే మధ్యలో ఏదో రంగు, దానికి పేరు లేదు.

నందిత తాను ఫోటోలు తీసిన మూడో రోలు తెచ్చింది. కడిగి ఇచ్చాడు. ఎట్లా వచ్చాయి అంకుల్ అని అడిగితే, నువ్వే చూసుకో పాపా, నన్నడగొద్దు అన్నాడు. ఆ పిల్ల బాగున్నాయంది. ఏది బాగుందో మాత్రం చెప్పలేదు.

కుడి కంటికి ఇంకా నెల గడువుంది. పోయిన వారం ఏలుమలై చీటీలు అంటించే చోటికి వచ్చి, ఆరిన తెల్ల చిలప ఒకటి చేతిలో పెట్టాడు. చూసి చెప్పన్నా అన్నాడు. పూర్ణచంద్ర ఒక కన్ను మూశాడు, తెలుపు. ఆ కన్ను తెరిచి రెండోది మూశాడు, అదీ తెలుపే, కానీ మొదటి తెలుపు కాదు.

"ఏ కన్ను మాట నమ్మేది ఏలుమలై?"

"అది నాకెట్ల తెలుస్తాదన్నా. నీళ్లు మాత్రం మూడుసార్లు మార్చినాను. అంతవరకే నాకు తెలుసు."

పూర్ణచంద్ర ఆ చిలపను పాత అలవాటులో కుడిపక్కన పెట్టబోయి ఆగాడు. ఎడమపక్కా పెట్టలేదు. అలాగే చేతిలో పట్టుకుని, "రా, వెలుతురులో ఇద్దరం చూస్తాం" అని వాకిట్లోకి నడిచాడు.